బోధన్ నుంచి బేలాపూర్ దాకా

మా బాపుకి ఒక అలవాటుంది. రోడ్డు మీద ఏ బండి నంబరు కనిపించినా అంకెలు కూడుతాడు. కూడిక తొమ్మిదికి తేలితే ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడుస్తాడు. చిన్నప్పుడు ఇదేదో జాతకాల పిచ్చి అనుకునేదాన్ని. చాలా ఏళ్లకు తెలిసింది, అది బ్యాంకు పిచ్చి అని.

చేతిరాత లెడ్జర్ల కాలంలో నెలాఖరుకి బ్యాలెన్సింగ్ చేసేవాళ్లు. సేవింగ్స్ లెడ్జర్లన్నిట్లో ఉన్న నిల్వలను ఒక్కొక్కటిగా కూడుకుంటూ వస్తే, ఆ మొత్తం జనరల్ లెడ్జరులో ఉన్న అంకెతో పైసా తేడా లేకుండా కలవాలి. సాధారణంగా కలిసేది కాదు. అప్పుడు ఆ తేడాని తొమ్మిదితో భాగించి చూస్తారు. శేషం లేకుండా పోయిందా, ఎక్కడో ఎవరో 540ని 450 అని రాశారు. అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదికి లొంగుతుంది. తేడా సరిసంఖ్య అయితే ఇంకో అనుమానం: జమ కావాల్సింది ఖర్చులో పడి, రెండింతల తేడా వచ్చిందా అని. ఈ రెండు చిట్కాలూ, ఒక స్కేలూ, రెండు రంగుల ఇంకూ పట్టుకుని మా బాపు తన జీవితంలో ఎన్ని రాత్రులు బోధన్ బ్రాంచిలో గడిపాడో లెక్క లేదు. పదకొండింటికి సైకిల్ గంట వినపడితే మా అమ్మ తలుపు తీయకముందే అడిగేది: "కలిసిందా?"

ఆయన చేరింది 1979లో, ఒక ప్రభుత్వ బ్యాంకులో గుమస్తాగా. బ్యాంకు పేరు ఇక్కడ అవసరం లేదు. నేను ఇప్పుడు హైదరాబాదులో బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. అంటే బాపు రాత్రంతా వెతికిన ఆ తేడా అసలు పుట్టకుండా చూడటం నా పని. మా ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న వాదనే ఈ వ్యాసం. కంప్యూటర్లు ప్రభుత్వ బ్యాంకుల్ని బాగుచేశాయని నేనంటాను. బాగుచేశాయి గాని, ఏ బ్యాంకుని అని ఆయన అడుగుతాడు.

*

బోధన్‌లో బ్యాంకుల కన్నా ముందు ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ కన్నా ముందు నీళ్లొచ్చాయి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పేరు మా జిల్లాలో పాతతరం వాళ్లకి ఇప్పటికీ తెలుసు. కాలువలు పారాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్లు దిగిన చోట్లకి క్యాంపులని పేరు. ఇప్పటికీ వర్ని, కోటగిరి వైపు వెళ్తే ఊరి పేరు చివర ఆ మాట తగులుతుంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. దాని చుట్టూ లేచిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో అదొకటని బడిలో మాకు చెప్పేవాళ్లు, మేమూ ఛాతీ విరుచుకునేవాళ్లం.

ఫ్యాక్టరీ వచ్చిన నాలుగేళ్లకి, 1941 ఆగస్టు 8న, అదే ప్రభుత్వం హైదరాబాద్ స్టేట్ బ్యాంకుని పుట్టించింది. గన్‌ఫౌండ్రీలో మొదటి బ్రాంచి 1942 ఏప్రిల్ 5న తెరుచుకుంది. అది మామూలు బ్యాంకు కాదు, సంస్థానానికి సొంత కేంద్ర బ్యాంకు. ఉస్మానియా సిక్కా నోట్ల వ్యవహారం చూడటం దాని పని. అప్పట్లో మన జనం జేబులో రెండు రకాల రూపాయలుండేవి. నిజాం రూపాయి హాలీ, ఇంగ్లీషు వాడిది కల్దార్. నూరు కల్దార్లకి 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. వినడానికి చిత్రహింసలా ఉంటుంది గాని, లెక్కేస్తే ఏడు హాలీలకి ఆరు కల్దార్లు, అంతే. క్యాంపుల రైతు కల్దార్లతో వచ్చాడు, ఇక్కడి కూలీ హాలీలో అడిగాడు. మధ్యలో కూర్చున్న గుమస్తా రోజంతా ఏడూ ఆర్ల లెక్కలో మునిగి తేలాడు. ఉస్మానియా సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. దానికి రెండేళ్ల ముందే, 1957 ఏప్రిల్‌లో, అణాలు పోయి నయాపైసలొచ్చాయి. గుమస్తాలు నేర్చుకున్న లెక్క మార్చుకోవడం కంప్యూటర్లతో మొదలు కాలేదని చెప్పడానికే ఇదంతా.

1956లో ఈ బ్యాంకు రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959లో ఎస్‌బీఐకి అనుబంధ బ్యాంకయింది. 1969 జూలై 19న ఇందిరాగాంధీ పద్నాలుగు బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు దేశమంతా సంచలనమైంది. కానీ మా వైపు జనానికి సర్కారు బ్యాంకు అంటే అప్పటికే పాతికేళ్ల పైబడిన మాట. 1980లో ఇంకో ఆరు బ్యాంకులు, వాటిలో బందరులో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు. ఆ తర్వాత నిజామాబాద్ కేంద్రంగా శ్రీరామ గ్రామీణ బ్యాంకు. ఇన్ని బ్యాంకులెందుకంటే, 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే చెప్పిన ఒక అంకె చూడాలి. పల్లెల్లో జనం తెచ్చుకున్న అప్పులో వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం. వందకి రూపాయి కూడా లేదు. మిగతాదంతా ఎక్కువగా సావుకారు చిట్టాలోనే.

సావుకారు చిట్టాని మనం తిట్టుకుంటాం, తిట్టాలి కూడా. కానీ అందులో అప్పు తీసుకున్న వాడి గురించి అన్నీ ఉండేవి. బ్యాంకు లెడ్జరు ఆ చిట్టా స్థానంలోకి వచ్చినప్పుడు మర్యాద తెచ్చింది, రసీదు తెచ్చింది, వడ్డీ తగ్గించింది. తెలిసి ఉండటం అనే గుణాన్ని మాత్రం గుమస్తా తన బుర్రలో మోయాల్సొచ్చింది.

*

బాపు బ్రాంచిలో డబ్బు తీసుకోవడం ఒక పూట పని. విత్‌డ్రాయల్ ఫారం, పాసుబుక్కు కౌంటర్లో ఇస్తే గుమస్తా ఒక ఇత్తడి టోకెన్ చేతిలో పెడతాడు. లెడ్జరు తీసి, పేజీ వెతికి, ఖర్చు రాసి, మిగులు తేల్చి ఆఫీసరు బల్ల మీద పెడతాడు. ఆఫీసరు సంతకం కార్డుతో పోల్చి చూసి పాస్ చేస్తాడు. ఆ కాగితం క్యాషియర్ దగ్గరికి చేరాక నంబరు పిలుస్తారు. ఫ్యాక్టరీ చెరుకు బిల్లులు పడే రోజుల్లో టోకెన్లు అయిపోయేవని బాపు చెప్తాడు. బయట వేపచెట్టు కింద రైతులు బీడీలు కాలుస్తూ కూర్చునేవాళ్లట. శక్కర్‌నగర్ రోడ్డంతా చెరుకు బండ్లు, గాలిలో మొలాసిస్ వాసన. ఆ వాసన నాకూ తెలుసు, ఇప్పుడు తలుచుకున్నా గొంతులో తగులుతుంది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది టోకెన్లు కాదు, సేవింగ్స్ ఖాతా వడ్డీ రూలు. ఇప్పటి పిల్లలకు తెలిసే అవకాశం లేదు గనక కొంచెం వివరంగా చెప్తాను. అప్పట్లో ఏ నెలకైనా, పదో తారీఖు నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ. ఒక రైతుకి జనవరి 11న 40,000 చెరుకు బిల్లు పడిందనుకుందాం, అంతకుముందు ఖాతా ఖాళీ. ఫిబ్రవరి 25న బిడ్డ పెళ్లికి మొత్తం తీసేశాడు. డబ్బు 45 రోజులు బ్యాంకులో ఉంది. వడ్డీ ఎంత? జనవరిలో పదో తారీఖున సున్నా ఉంది గనక ఆ నెలకి సున్నా. ఫిబ్రవరిలో నెలాఖరుకి సున్నా మిగిలింది గనక ఆ నెలకీ సున్నా. బ్యాంకు ఆ డబ్బుని నెలన్నర వాడుకుంది, రైతుకి ఒక్క పైసా రాలేదు.

ఇందులో మోసం లేదు. చేత్తో లెక్క కట్టేవాడికి అంతకుమించి కుదరదు. వేల ఖాతాలకు రోజువారీ నిల్వ చూసి వడ్డీ కట్టాలంటే బ్రాంచిలో ఇంకో పదిమందిని కూర్చోబెట్టాలి. అందుకే, మనిషి చేతికి వీలుగా ఉండేట్టు రూలు తయారైంది. ఆ ఖర్చు మాత్రం డబ్బు నిలవ ఉంచుకోలేని వాళ్ల మీద పడింది. ఏడాదంతా పెద్ద నిల్వ ఉంచే షావుకారుకి ఈ రూలుతో నష్టం లేదు. డబ్బు వచ్చి పోయే రైతుకీ, జీతగాడికీ నష్టం.

రిజర్వు బ్యాంకు 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ కట్టమంది. అప్పటి రేటు 3.5 శాతం. పై రైతుకి అదే 45 రోజులకి 172 రూపాయల చిల్లర వచ్చేది. బ్రాంచిలన్నీ కంప్యూటర్లలోకి వచ్చాయి గనకే ఆ ఆదేశం సాధ్యమైంది. బాపుతో వాదనలో నేను ఎప్పుడూ ముందు వేసే ముక్క ఇదే. సమాచార సాంకేతికత ప్రభుత్వ బ్యాంకుకి ఏం చేసిందంటే, ఏటీఎం కాదు, యాప్ కాదు, ఈ 172 రూపాయలు అంటాను. ఆయన కాసేపు ఊకుంటాడు. "గది నిజమే" అంటాడు. తర్వాత, "2010 దాకా ఎందుకు ఆగిన్రు మరి?" అంటాడు.

*

ఎందుకు ఆగారంటే, అందులో బాపు వంతు కూడా ఉంది.

బ్యాంకుల్లో యంత్రాల మీద 1983లో రిజర్వు బ్యాంకు ఒక కమిటీ వేసింది, డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ అధ్యక్షుడు. అదే ఏడాది బ్యాంకుల సంఘానికీ ఉద్యోగుల యూనియన్లకీ యంత్రాల వాడకం మీద ఒప్పందం కుదిరింది. ఇక్కడొక తమాషా ఉంది. కంప్యూటరు అనే మాట పడితే గొడవ అని, బ్రాంచిల్లో పెట్టే పెట్టెకి 'అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్' అని పేరు పెట్టారు. అది కంప్యూటరే. కానీ లెడ్జరులో ఎంట్రీలు వేసే మెషీనంటే టైపు మిషనుకి దూరపు చుట్టంలా వినిపిస్తుంది. 1960లలో కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు కంప్యూటరుని కట్టడంలోకి రానివ్వకుండా కాపలా కాసిన చరిత్ర ఉన్న దేశంలో, పేరు పెట్టడం కూడా బేరసారమే.

బాపు ఆ రోజుల్లో నిజామాబాద్‌లో జరిగిన ఊరేగింపుల్లో ఎర్రజెండా పట్టుకుని నడిచాడు. నేను ఈ మాట ఎత్తి వెక్కిరించిన రోజులున్నాయి, ఇప్పుడు ఎత్తను. నిజామాబాద్ లాంటి చోట బ్యాంకు గుమస్తా ఉద్యోగమంటే ఒక కుటుంబం మొత్తం ఒక తరం ముందుకి జరగడం. మా తాత శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. బాపు రాసిన పరీక్షతోనే మా ఇంటికి స్లాబు పడింది, నేను ఇంజనీరింగ్ చదివాను. ఆ కుర్చీ పోతుందని భయపడ్డవాళ్లని వెనకబడ్డ మనుషులనడం, కుర్చీ ఉన్నవాళ్లకి సులువు. పైగా వాళ్ల భయం ఉత్తుత్తిది కూడా కాదు. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల నుంచి సుమారు లక్షమంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని వెళ్లిపోయారు.

కానీ వాళ్లు అడ్డుకున్న ఆ ఏళ్లలో వేపచెట్టు కింద కూర్చున్నవాడి పూటకి విలువ కట్టినవాళ్లెవరూ లేరు. యూనియన్ తీర్మానాల్లో అతను లేడు, మేనేజ్‌మెంట్ కాగితాల్లోనూ లేడు. బాపు ఈ మధ్య ఒకసారి తనంతట తనే అన్నాడు: "మేం ఉద్యోగాల గురించి మాట్లాడినం. వాళ్లు ఖర్చుల గురించి మాట్లాడిన్రు. పటేలు గురించి ఎవరు మాట్లాడిన్రు?"

చివరికి బ్యాంకుల్ని కదిలించింది ఖాతాదారు కాదు, దొంగ. 1992లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడినప్పుడు, బ్యాంకుల మధ్య చేతిరాత కాగితాల మీద నడిచే వ్యవహారంలో ఎంత పెద్ద కన్నం ఉందో దేశానికి కనిపించింది. 1998లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్ ఎన్. విఠల్ ఒక ఆదేశం ఇచ్చాడు: బ్యాంకుల వ్యాపారంలో 70 శాతం, 2001 జనవరి 1 కల్లా కంప్యూటర్లలోకి రావాలి. ఆలోచించండి, బ్యాంకులకి కంప్యూటర్లు పెట్టమని గట్టిగా గడువు పెట్టింది అవినీతిని పట్టుకునే అధికారి! ఈలోగా 1996లో హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గర రిజర్వు బ్యాంకు ఐడీఆర్‌బీటీ అనే సంస్థని పెట్టింది. బ్యాంకుల మధ్య ఉపగ్రహ నెట్‌వర్కు, తర్వాత ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ అక్కడే రూపుదిద్దుకున్నాయి. అంటే మన ప్రభుత్వ బ్యాంకుల నరాల వ్యవస్థ మన ఊళ్లోనే అల్లారు. ఐటీ అంటే మాదాపూర్ అద్దాల మేడలే గుర్తొచ్చే మనకి ఈ సంగతి ఎందుకో గుర్తుండదు.

*

మొదట బ్రాంచి లోపల మాత్రమే కంప్యూటర్లొచ్చాయి. ఏ బ్రాంచి లెక్క ఆ బ్రాంచిదే. స్టేట్ బ్యాంకు కుటుంబంలో ఐర్లండ్ వాళ్ల 'బ్యాంక్‌మాస్టర్' అనే సాఫ్ట్‌వేర్ నడిచింది. ఆ దశలో లెడ్జరు రూపం మారిందే గాని ఊరు మారలేదు. అసలు మార్పు 2002 తర్వాత. ఎస్‌బీఐ తనకీ, ఏడు అనుబంధ బ్యాంకులకీ కలిపి ఒకే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థ కోసం టీసీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. సాఫ్ట్‌వేర్ సిడ్నీలోని ఒక కంపెనీ తయారుచేసింది. 2005లో టీసీఎస్ ఆ కంపెనీనే కొనేసింది. 2008 కల్లా ఎస్‌బీఐ బ్రాంచిలన్నీ ఆ వ్యవస్థలోకి వచ్చాయి. డేటా సెంటర్ నవీ ముంబై బేలాపూర్‌లో. అక్కడి నుంచి లెక్కలో బోధన్ బ్రాంచి అనేది ఒక కిటికీ. పుస్తకం ఇంకెక్కడో ఉంది.

బాపు బ్యాంకు స్టేట్ బ్యాంకు కాదు గాని, అన్ని ప్రభుత్వ బ్యాంకుల్లోనూ ఆ ఏళ్లలో జరిగింది ఇదే. ఆయన బ్రాంచిలో ఆ మార్పు జరిగిన వారం నాకు గుర్తుంది, అప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఖాతాదారుల వివరాలన్నీ కొత్త గళ్లలో నింపాలి. మొదటి పేరు, మధ్య పేరు, ఇంటిపేరు. మనవాళ్లకి ఇంటిపేరు ముందు. పెద్ద గంగారాం, చిన్న గంగారాం, గంగారాం సన్నాఫ్ లింబయ్య, ముగ్గురూ ఒకే గడిలో ఎలా పడతారు? ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఆ రోజు కొట్టిన స్పెల్లింగే తర్వాత ఆధార్‌తో, పట్టా పాసుబుక్కుతో, రేషన్ కార్డుతో కలవాల్సిన స్పెల్లింగ్ అవుతుందని అప్పుడు అక్కడున్న ఎవరికి తెలుసు?

ఇంకొకటి. పాత లెడ్జర్లలో ప్రతి పేజీ పక్కనా పెన్సిలు రాతలుండేవట. రూలు ప్రకారం ఉండకూడదు, ఉండేవి. 'సంతకం వణుకుతుంది, మనిషిని చూసి ఇవ్వాలి.' 'కొడుకు వస్తే ఇవ్వొద్దు, అవ్వ వచ్చి చెప్పింది.' 'బోరు పోయింది, యాసంగి వరకు ఆగాలి.' కొత్త వ్యవస్థలో వాటికి గడి లేదు. "ఎక్కియ్యలేదా?" అని అడిగాను. "ఎక్కడ ఎక్కిస్తవ్?" అన్నాడు.

నా వృత్తి పరంగా ఒక మాట చెప్పాలి. ఆ గడులు పెట్టకపోవడం పొరపాటు కాదు. పెన్సిలు రాతల్లో దయ ఉంది, పక్షపాతమూ ఉంది. కొడుకుని ఆపిన చెయ్యే ఇంకో రోజు ఇంకో కులంవాణ్ణి, ఇంకో పార్టీవాణ్ణి ఆపగలదు. ఆపింది కూడా. తెలిసినవాడికి టోకెన్ లేకుండానే పని, తెలియనివాడికి రేపు రమ్మనడం, ఇవి నేను చిన్నప్పుడు కళ్లారా చూసినవే. మెషీను ఆ రెంటినీ ఒకే వేటుకి తీసేసింది.

*

లాభాలు చిన్నవేం కాదు. మా జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లు ఆర్మూరు నుంచి బోధన్ దాకా ప్రతి ఊళ్లో ఉంటాయి. దుబాయ్ నుంచి డ్రాఫ్టు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేది. దాన్ని బ్యాంకులో వేస్తే కలెక్షన్‌కి వెళ్లి సొమ్ము చేతికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు. ఈలోగా ఇంటావిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చేది. 2004లో ఆర్‌టీజీఎస్, 2005 నవంబరులో నెఫ్ట్ వచ్చాక ఆ అప్పు అవసరం చాలా ఇళ్లలో తగ్గిపోయింది. ఇది మా పక్కింట్లో చూసిన విషయం, పుస్తకాల్లోది కాదు.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయిందని రికార్డుల్లో ఉంటుంది. నా లెక్కలో దాని కథ అంతకు పదేళ్ల ముందే ముగిసింది, దాని లెడ్జర్లు బేలాపూర్ చేరినప్పుడే. పుస్తకం ఒకే అలమరలోకి వెళ్లాక బోర్డు మీద పేరెంతసేపు? ఎస్‌బీహెచ్‌వై అని మొదలయ్యే ఐఎఫ్‌ఎస్ కోడ్‌లు ఎస్‌బీఐఎన్ అయ్యాయి. హాలీ రూపాయి కోసం పుట్టిన సంస్థలో చివరికి మారాల్సి వచ్చింది ఆ అక్షరాలు. శ్రీరామ గ్రామీణ బ్యాంకు అంతకుముందే, 2006లో, మరో మూడింటితో కలిసి దక్కన్ గ్రామీణ బ్యాంకైంది. తెలంగాణ వచ్చాక దాని పేరు తెలంగాణ గ్రామీణ బ్యాంకు.

ఇక ఫ్యాక్టరీ. ఎస్‌బీఐ కోర్ బ్యాంకింగ్ ఒప్పందం చేసుకున్న 2002లోనే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటాని ప్రైవేటు వాళ్లకిచ్చింది. డెల్టా పేపర్ మిల్స్‌తో జాయింట్ వెంచర్, నిజాం దక్కన్ షుగర్స్ అని కొత్త పేరు. 2015 డిసెంబరు 23న శక్కర్‌నగర్ గేటు మీద లేఆఫ్ నోటీసు పడింది. నాలుగేళ్ల తేడాతో ఒకే చేతి కింద పుట్టిన రెండు సర్కారు సంస్థలు. అరవై ఏళ్ల వయసులో ఒకదానికి కంప్యూటర్లు కొనిపెట్టారు, ఇంకోదాన్ని అమ్మకానికి పెట్టారు. బ్యాంకులకి మూలధనం తగ్గినప్పుడల్లా కేంద్రం బడ్జెట్ నుంచి పోసింది. ఫ్యాక్టరీకి నష్టం వస్తే అది ప్రభుత్వ రంగం చేతగానితనం అన్నారు. సాంకేతికత ప్రభుత్వ బ్యాంకుల్ని మార్చింది అని నేను గొప్పగా చెప్పేటప్పుడు, మార్చాలని ముందు ఎవరో అనుకున్నారన్న సంగతి వదిలేస్తుంటాను. శక్కర్‌నగర్ గురించి ఎవరూ అలా అనుకోలేదు.

ఫ్యాక్టరీకీ బ్యాంకుకీ మధ్య ఉన్న తీగ చెరుకు రైతు. చెరుకు అప్పులు చాలావరకు ఫ్యాక్టరీతో ముడిపెట్టి ఇచ్చేవాళ్లు: ఫ్యాక్టరీ బిల్లు నుంచి అప్పు పట్టుకుని బ్యాంకుకి కడుతుంది, మిగిలింది రైతుకి. ఫ్యాక్టరీ ఆగితే ఆ తీగ తెగుతుంది. పంట అప్పు ఎప్పుడు మొండిబాకీ అవుతుందో రూలుంది: తక్కువకాలం పంటకి గడువు దాటి రెండు పంటకాలాలు, ఏడాది దాటే పంటకి ఒక పంటకాలం. ఈ లెక్క ఇప్పుడు మేనేజరు వేయడు, సిస్టమ్ వేస్తుంది. వేయాలి కూడా; మేనేజర్లు వేసిన రోజుల్లో పెద్దపెద్ద కంపెనీల బాకీలు ఏళ్ల తరబడి మంచి బాకీలుగా చలామణి అయ్యాయి. కానీ గేటు మూసిన సంగతి సిస్టమ్‌కి తెలియదు. 'బోరు పోయింది, యాసంగి వరకు ఆగాలి' అని రాయడానికి పెన్సిలూ లేదు, పేజీ పక్కన ఖాళీ కూడా లేదు.

2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకి 4,000 చొప్పున కాగితం చెక్కులు ఊళ్లో చేతికిచ్చారు. బేలాపూర్‌లో ఇంత పెద్ద యంత్రం ఉండగా మళ్లీ కాగితమేంటని మా ఆఫీసులో నవ్వుకున్నాం. బాపు నవ్వలేదు. ఖాతాలో పడితే పాత బాకీ కింద పట్టుకుంటారని రైతు భయం, చెక్కు మీద తన పేరు కనిపిస్తే ధైర్యం అన్నాడు. ఆ ఏడాది యాసంగి నుంచి అదీ ఖాతాల్లోకే మారింది. 2024లో రెండు లక్షల రుణమాఫీ విడతలవారీగా వచ్చినప్పుడు జాబితాలు తెరల మీద తయారయ్యాయి. ఆధార్‌లో పేరొకటి, ఖాతాలో ఒకటి, పాసుబుక్కులో ఒకటి ఉన్నవాళ్లు బ్యాంకుకీ వ్యవసాయాధికారి దగ్గరికీ తిరిగారు. ఆ స్పెల్లింగులు ఎక్కడ పుట్టాయో నాకు తెలుసు. మా ఇంట్లో రాత్రి పదకొండింటికి సైకిల్ దిగిన మనిషికీ తెలుసు.

*

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ పనేదో ఉంటే బాపుతో బ్యాంకుకి వెళ్లాను. ఆయన పనిచేసిన బ్రాంచి కాదు, వేరే బ్యాంకు. లోపల ఏసీ, జనం పెద్దగా లేరు. కౌంటర్లో ఉన్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. ఆమె ముందు ఒక ముసలావిడ నిలబడి వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెడుతోంది, తీస్తోంది. బీడీలు చుట్టీ చుట్టీ గీతలు అరిగిపోయిన వేళ్లు. నిజామాబాద్‌లో ఏ బ్యాంకులోనైనా కనిపించే దృశ్యమే. తుడిచి పెట్టమంది అమ్మాయి, ఇంకో వేలు పెట్టమంది. ఓపిగ్గానే ఉంది.

"సిస్టమ్ తీసుకుంటలేదమ్మా. ఆధార్ల మళ్లా వేలిముద్రలు ఇచ్చి రా."

ముసలావిడ వెనక్కి తిరిగి బాపుని చూసింది. "సారూ, మీరు ఫ్యాక్టరీ రోడ్డు బ్యాంకుల ఉంటుండే గద?" అంది. బాపు ఒక క్షణం చూసి, ఆమె ఊరి పేరు చెప్పాడు, పెనిమిటి పేరు చెప్పాడు, ఇద్దరు కొడుకుల్లో ఎవరు మస్కట్ పోయారో చెప్పాడు.

అమ్మాయి తల ఎత్తి, "మీకు తెలుసా అంకుల్ ఈమె?" అని అడిగింది.

"తెలుసు," అన్నాడు బాపు.

"నేను ఒప్పుకుంటా అంకుల్. కానీ ఇది ఒప్పుకోదు కదా," అని తెర వైపు చూపించింది. రూలు ప్రకారం వేలిముద్ర పడకపోతే ఇంకో దారి ఉండాలి గదా అని నేనందుకున్నాను, ఐరిస్ గాని, ఓటీపీ గాని. ఐరిస్ యంత్రం ఆ బ్రాంచిలో లేదు. ఫోను నంబరు కొడుకుది, ఆ కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. అక్కడ మధ్యాహ్నం షిఫ్టు. నేను ఆ నంబరుకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఎదురుచూస్తుంటే, బాపు ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, ఆ ఏడు పసుపు ఎంత పలికిందో అడుగుతున్నాడు.